మూడో కుండ

మొన్న మంగళవారం తాలూకా నుంచి ఓ గుమాస్తాగారూ, ఇద్దరు బంట్రోతులూ వచ్చి మా వీధి నూతిలో మందు పోసి వెళ్ళేరు. చేదతో నీళ్ళు తోడించి, అందులో గుప్పెడు నల్లటి పలుకులు కలిపి మళ్ళీ వంపించేసరికి, మా మావగారు తవ్వించిన నుయ్యి, ఇన్నేళ్ళుగా కొబ్బరినీళ్ళలా తేటగా చూసిన నుయ్యి, చూస్తూండగా నేరేడుపళ్ళు పిసికినట్టయిపోయింది. ముమ్మిడివరం వేపు మళ్ళీ మరిడి జబ్బు తగిలిందట, వాంతులూ విరేచనాలతో జనం పడిపోతున్నారట, అందుకని ఊరూరా ఈ మందు పోయిస్తున్నారట. ఇదేం చేస్తుందండీ అని మా మనవడి భార్య అరుగు మీంచి అడిగితే, సర్కారు హుకుమమ్మా అని ఒక్క మాటనేసి గుమాస్తాగారు పక్క వీధికి సాగిపోయేరు. వాళ్ళు మలుపు తిరిగేరో లేదో, ఆ పిల్ల పెరటి దారిన కాలువకి వెళ్ళి చెంబుడు నీళ్ళు తెచ్చి, పసివాడి మంచినీళ్ళ బిందెలో కలిపేసింది. "ఈ రంగు నీళ్ళు ఒట్టివి పసివాడికెలా పోస్తామండీ మామ్మగారూ, కాసిని మంచినీళ్ళు తోడు కలిపేను" అని నవ్వింది.

నేనప్పుడు వత్తులు చేసుకుంటున్నాను. చేతిలో దూది చేతిలోనే ఉండిపోయింది. లేచి వెళ్ళి, ఆ బిందె రెండు చేతులా ఎత్తి అరటిపాదులో గుమ్మరించేసేను. ఆ పిల్ల నొచ్చుకుంది గానీ పెద్దదాన్ని కదా, ఖాళీ బిందె తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఎందుకు పారబోసేనో చెబుదామంటే నా నోరు పెగల్లేదు. ఈ నోరు ఇలా పెగలకపోవడం ఇది మొదటిసారి కాదు. మొదటిసారి పెగలక ఏభై యేళ్ళు కావస్తోంది. అందుకే ఈ కాగితాలు పట్టుకు కూర్చున్నాను. ఏడాదైనా నిండకుండా దిద్దిన అక్షరాలు నావి, ఒత్తులు తప్పితే మన్నించండి. నా ఈడువాళ్ళకి సంగతి అందితే చాలు.

మీకు జ్ఞాపకం ఉండే ఉంటుంది, మన చిన్నతనానికి కాలువలింకా కొత్త. ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట లేచి, గోదారి నీళ్ళు కోనసీమలోకి దిగి రెండు మూడేళ్ళయిందేమో. ముక్తేశ్వరానికి దిగువన, కాలువ గట్టునే మా ఊరు. మొట్టమొదట నీళ్ళు వదిలిన రోజున ఆడవాళ్ళంతా పసుపూ కుంకాలూ పట్టుకుని గట్టు పొడుగునా నిలబడ్డారట, ఎండిన మట్టి మీద నీటి నాలిక పాక్కుంటూ వస్తూంటే దాని ముందు పిల్లలు వెనక్కి వెనక్కి నడిచేరట, ఆ పిల్లల్లో నేనూ ఉన్నానని అమ్మ చెప్పేది. మా మామ్మయితే, అంటే మా అయ్యని కన్న తల్లి, గోదారమ్మ మన గుమ్మంలోకే వచ్చిందర్రా అని మురిసిపోతూ, కాలువకి దణ్ణం పెట్టుకుని గానీ బిందె ముంచేది కాదు. మా అయ్య పడవ సరంగు. కొబ్బరికాయలు వేసుకుని రాజమహేంద్రవరం దాకా వెళ్ళొచ్చేవాడు. కాలువే మాకు దారి, కాలువే తిండి, తాగే నీళ్ళూ కాలువవే. అలాంటి నీళ్ళని అనుమానించండని చెప్పడానికి మా ఇంట్లోంచే ఓ మనిషి బయల్దేరేడు.

ఆయన మా మావయ్య, అమ్మకి తమ్ముడు. కుర్రతనంలో ఆనకట్ట పనికి మట్టి తట్టలు మోయడానికి వెళ్ళి, అక్కడ కూలీలకి వైద్యం చేసే డాక్టరు దొర కంట పడ్డాడు. ఆ దొర మందుల పెట్టె మోస్తూ మోస్తూ ఇంగ్లీషు అక్షరాలు పట్టుకున్నాడు, అక్షరాల తోక పట్టుకుని పుస్తకాలు పట్టుకున్నాడు. అక్కడి పనులు తగ్గేక ఓ రేకు పెట్టె, ఓ బూతద్దం వెంటేసుకుని మా అయ్య పడవలోనే తిరిగొచ్చి, దిగువ రేవు పక్కన తాటాకు పాక వేసి బడి పెట్టేడు. పడవలవాళ్ళ కుర్రాడు పంతులవడమేవిటని ఊళ్ళో నవ్వులే నవ్వులు. 'పడవ పంతులు' అని పేరెట్టేరు. "ఏరా పడవ పంతులూ, ఇవాళ పిల్లల చేత అక్షరాలు దిద్దించేవా, తెడ్డు దిద్దించేవా?" అని మునసబుగారు గట్టు మీద ఎదురైనప్పుడల్లా అడిగేవారు. "రెండూనండి, ఆయ్" అనేవాడు మావయ్య తలొంచుకుని. అన్న మునసబుగారే, ఇంగ్లీషు ముక్కలు అబ్బుతాయేమోనని చిన్నకొడుకుని మా పాకలోకే పంపేరు.

ఆడపిల్లలం ఇద్దరమే. నేనూ, కుమ్మరి వారి పిల్లానూ. బడికి తాగునీళ్ళ కుండ ఇవ్వడానికి వచ్చి, గోడ పక్కన నిలబడి విని, మర్నాడు మళ్ళీ వచ్చి కూర్చుంది ఆ పిల్ల. వాళ్ళింట్లో ఓ అలవాటుండేది: ఎవరు రెండు కుండలడిగినా మూడు ఇచ్చేవారు. దారిలో ఓటి కుండ బయటపడితే మనిషి మళ్ళీ అంత దూరం రాకూడదని.

మావయ్య బడి తీరే వేరు. అరుగు బళ్ళల్లో పిల్లలు ఊగుతూ వల్లె వేసేవారు గదా, ఇక్కడ మా చేతికి మట్టి అంటని రోజుండేది కాదు. ఓ ఎండు కొబ్బరికాయని కాలువలో వదిలి, ఎగువ రేవు నుంచి దిగువ రేవుకి రావడానికి ఎన్ని అంకెలు పడతాయో పరిగెడుతూ లెక్కపెట్టించేవాడు. వాసం నీడ కొసకి రోజూ ఓ గవ్వ పాతించేవాడు. ఎగువన ధవళేశ్వరంలోనే ఉండిపోయిన డాక్టరు దొర ఈయన్ని మరిచిపోలేదు, రెండు మూడు నెలలకోసారి మా అయ్య పడవ మీద ఉత్తరం పంపేవాడు, వాళ్ళ దేశంలో కొత్తగా ఎవరేం కనిపెట్టేరో అందులో రాసేవాడు. ఆ ఉత్తరం వచ్చిన వారానికల్లా అందులో సంగతి మా చేతుల్లో ఉండేది, మట్టిగానో, నీళ్ళుగానో, గవ్వలుగానో.

ఆ వేసవిలో మరమ్మతులకని కాలువ కట్టేసేరు. పారే నీరు ఆగిపోయి, దిగువ రేవు దగ్గర పెద్ద మడుగు మిగిలింది. ఎగువ వీధులవాళ్ళకి మోతుబరి వారి నుయ్యి ఉంది, మా వేపు వాళ్ళందరికీ ఆ మడుగే. పశువులూ అక్కడే, చాకిరేవూ అక్కడే. అప్పుడే మరిడి తగిలింది. మొదట ఓ ముసలాయన, తరవాత ఓ బాలింతరాలు, ఆ తరవాత వరస ఆగలేదు. పొద్దున్న పలకరించిన మనిషి పొద్దు వాలేసరికి లేకుండా పోయేది. మరిడమ్మ తల్లికి జాతర చెయ్యాలని పెద్దలు కూర్చున్నారు. సరిగ్గా ఆ రోజుల్లోనే దొర ఉత్తరం వచ్చింది.

వాళ్ళ పట్నంలో ఈ జబ్బే వస్తే, ఓ డాక్టరు వీధులన్నీ కాగితం మీద గీసి, చావు జరిగిన ఇంటింటికీ ఓ గుర్తు పెట్టుకుంటూ వెళ్ళేడట. గుర్తులన్నీ ఒకే ఒక్క నీళ్ళ యంత్రం చుట్టూ చీమల్లా మూగేయట. జబ్బు గాలిలో కాదు, నీళ్ళల్లో వస్తుందని ఆయన వాదనట. అయితే మాలోనే పెద్దపెద్దవాళ్ళు ఒప్పుకోవడం లేదు, నాకూ పూర్తిగా నమ్మకం కుదరలేదు, అని కూడా రాసేడు దొర. మావయ్య ఆ చివరి ముక్క దాచలేదు. "దొరకీ తెలీదంట, నాకూ తెలీదు, మీకూ తెలీదు. తెలీనప్పుడేం చెయ్యాలి?" అని అడిగేడు. కుమ్మరి వారి పిల్ల లేచి "మా అమ్మనడగాలండి" అంది. అందరం నవ్వేం. మావయ్య నవ్వలేదు. "అంతే. మీ అమ్మనే అడగాలి. అందరి అమ్మల్నీ అడగాలి" అన్నాడు.

అలా మమ్మల్ని ఇంటింటికీ పంపేడు. మీ ఇంట్లో ఎవరికన్నా వచ్చిందా, మీరు తాగే నీళ్ళెక్కడివి, ఈ రెండే ప్రశ్నలు. మూడో రోజున పాక నేల అలికించి, ఊరి పటం ముగ్గుతో వెయ్యమని నాకు చెప్పేడు, మగపిల్లలకి పిండి సన్నగా జారదని. కాలువ ఓ పొడుగు గీత, రేవులు రెండు సున్నలు, వీధులు మెలికలు, ఇల్లిల్లూ ఓ చుక్క. "ఆడపిల్ల ముగ్గేస్తే మరిడి పారిపోతుందేంటండీ?" అన్నాడు మునసబుగారి అబ్బాయి. "నీకు ముగ్గు రాదు గదా బాబూ, గింజలన్నా పెట్టు" అన్నాడు మావయ్య. ప్రాణం పోయిన ఇంటి చుక్క మీద ఓ చింతగింజ. ఒక్కొక్కరే వచ్చి పెట్టేం. కుమ్మరి వారి పిల్ల వాళ్ళ నాన్న గింజ పట్టుకుని వచ్చింది. నాలుగు రోజులే అయింది ఆయన పోయి. చుక్క మీద పెట్టి, మళ్ళీ తీసి గుప్పిట్లో పెట్టుకుని, "ఇది పెట్టకపోతే ఏమవుతుందండీ?" అని అడిగింది. మావయ్య ఆ పిల్ల పక్కన గొంతుక్కూర్చున్నాడు. "పెట్టకపోతే పటం అబద్ధం చెబుతుందమ్మా" అన్నాడు. ఆ పిల్ల పెట్టింది.

లేచి నిలబడి చూసేం. ఎగువ వీధుల్లో ఒక్క గింజ లేదు. గింజలన్నీ దిగువ రేవు సున్న చుట్టూ మూగి ఉన్నాయి. ఎవరూ అరవలేదు, ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఆ సున్న పక్కనే మా ఇంటి చుక్క ఉంది, ఇంకా ఖాళీగా.

మావయ్య అంతటితో ఊరుకోలేదు. నీళ్ళల్లో ఉన్నదేదో కాస్తే చస్తుందా, అది చూడాలన్నాడు. కుమ్మరి వారి పిల్లని రెండు కొత్త కుండలు తెమ్మంటే, వాళ్ళింటి అలవాటు చొప్పున మూడు తెచ్చింది. ఓ దాంట్లో మడుగు నీళ్ళల్లో బియ్యప్పిండి కలిపి ఊరికే ఉంచేం. రెండో దాంట్లో అదే పిండీ అదే నీళ్ళూ తెర్లేదాకా కాచి, పొగలు పోతూండగానే మూకుడు బోర్లించి, అంచుకి తడిపిండి మెత్తేం. "మూడోది కూడా ఉందండీ" అంది ఆ పిల్ల. "ఇప్పటికి రెండు చాలమ్మా, అది మూల పెట్టు" అన్నాడు మావయ్య. అది మూలకి వెళ్ళింది. మూడో రోజుకి మొదటి కుండ నురుగెత్తి, మునసబుగారి అబ్బాయి ముక్కు మూసుకుని గట్టు దాకా పరిగెత్తేడు. రెండోది తెరిస్తే కమ్మటి గంజి వాసనే.

సంగతి చావడికి చేరింది. మావయ్యని పిలిపించేరు. తల్లిని చింతగింజలతో లెక్కపెడతావురా అన్నారొకరు. ఇంటింటా నీళ్ళు కాచుకోమంటే కొబ్బరిమట్టలు ఎవడి దొడ్లోంచి వస్తాయన్నారొకరు. జాతర ముందు ఇలాంటి పనులు చేస్తే తల్లికి కోపం వస్తుంది, దానికెవడు పూచీ అని మునసబుగారు అడిగేరు. ఎప్పుడూ తలొంచుకునే మావయ్య ఆ రోజు తలెత్తేడు. "నేనండి పూచీ. నా బళ్ళో పిల్లల ఇళ్ళల్లో నేటి నుంచి కాచిన నీళ్ళే తాగుతారు. ఆ ఇళ్ళల్లో ఒక్క మనిషికి జబ్బొచ్చినా బడి మూసేసి పోతానండి" అనేసేడు. అక్కడికక్కడ ఊరంతా సాక్షి అయిపోయింది. చదువు చెప్పేవాడు పందెం కాయకూడదని చాలా యేళ్ళ తరవాత తనే అన్నాడు నాతో.

మా ఇంట్లో నీళ్ళ పని నాది. తొమ్మిదేళ్ళుంటాయి నాకు. పొద్దున్నే కాగులో నీళ్ళు మసలబెట్టి, మూత వేసి చల్లార్చి, మట్టికుండలోకి వంచడం. అమ్మ తమ్ముడి మాట కాదనలేక సరేనంది. మామ్మకి మాత్రం మింగుడు పడలేదు. దానికి కారణం ఉంది, ఈ కారణం మీకు గుర్తుంటుంది, ఇప్పటి పిల్లలకి తెలీదు. మా ఇళ్ళల్లో పొయ్యి మీంచి దిగిన నీళ్ళు ఎప్పుడూ ఒంటరిగా వాడేవారు కాదు. స్నానానికైనా సరే, ఓ చెంబుడు చన్నీళ్ళు తోడు పోస్తేనే అవి బతికున్నవాళ్ళ నీళ్ళు. తోడు లేని కాగు నీళ్ళు శవానికి పోసేవి. ఆ నీళ్ళు మనవడి గొంతులో పొయ్యడమంటే మామ్మకి గుండెలు జారిపోయేవి. నాకప్పుడు నాలుగేళ్ళ తమ్ముడుండేవాడు, నా చంక దిగేవాడు కాదు, నేను ముగ్గేస్తే పక్కన కూర్చుని వేలితో చెరిపేవాడు. "మీ మావయ్య చెప్పినట్టే కాయవే తల్లీ, కాదనను. కాచేక మాత్రం ఓ పుడిసెడు గోదారి నీళ్ళు తోడెయ్యి. పసివాడికి ఒంటి నీళ్ళు పోసేవంటే కీడు వాడికే" అని మామ్మ నా గడ్డం పట్టుకుంది.

పుడిసెడే కదా అనుకున్నాను. కాచమన్నాడు మావయ్య, కాచేను. తోడెయ్యమంది మామ్మ, వేసేను. ఇద్దరి మాటా దక్కిందనుకున్నాను. రోజూ మడుగులోంచి ఓ పుడిసెడు నా చేత్తోనే తెచ్చి, గోదారమ్మా మా తమ్ముణ్ణి కాపాడమ్మా అని అనుకుంటూ కుండలో వేసేదాన్ని. మావయ్య సాయంకాలం వచ్చి నీళ్ళు కాచేవా అంటే, కాచేనండి అనేదాన్ని. అబద్ధం కాదు కదా.

తొమ్మిదో రోజో పదో రోజో, పొద్దున్న చల్దన్నం పెడుతూంటే తమ్ముడు కడుపు పట్టుకున్నాడు. మధ్యాహ్నానికి కళ్ళు లోపలికి పోయేయి. అయ్య పడవ మీద ఉన్నాడు. మావయ్య వాణ్ణి ఒళ్ళో పడుకోబెట్టుకుని ఉప్పు కలిపిన గంజి చుక్కచుక్కగా పోస్తూ, నా వంక చూసి "నీళ్ళు కాచేవు కదమ్మా?" అని అడిగేడు. గద్దించలేదు, బతిమాలినట్టు అడిగేడు. "కాచేను మావయ్యా" అన్నాను. ఆయన ఒళ్ళోనే, నీడలు సాగకముందే వాడు పోయేడు. మా ఇంట్లో ఇంకెవరికీ రాలేదు, కాచుకున్న మిగతా ఇళ్ళల్లో ఎవరికీ రాలేదు. కానీ పందెం ఒక్క మనిషి మీద కదా.

తమ్ముడి పదకొండో రోజు వెళ్ళేక మావయ్య పాక తలుపు దగ్గరికి లాగి, ఆ తాటాకు తలుపుకి కొబ్బరితాడు కట్టేసేడు. ఎవరూ అడగలేదు, తనే మాట నిలబెట్టుకున్నాడు. ఓ ఇంట్లో కాచిన నీళ్ళు తాగినా పిల్లవాడు పోయేడని దొరకి ఉత్తరం రాసేడట. తల్లి కోపమని మామ్మ గుండెలు బాదుకుంది. నీళ్ళ మడుగులో పసుపు కలిపి జాతర చేసేరు. ఇళ్ళల్లో కాగులు పొయ్యి దిగిపోయేయి.

నాకు మాత్రం ఓ పురుగు తొలుస్తూనే ఉంది. ఓ రోజు తాడు సందులోంచి దూరి పాకలోకి వెళ్ళేను. ముగ్గు సగం చెరిగి ఉంది, చింతగింజలు ఇంకా ఉన్నాయి. మూల మూడో కుండ ఉంది, ఎవరూ ముట్టనిది. దాన్ని ఓణీలో దాచి మా గడ్డిమేటు వెనక్కి పట్టుకెళ్ళేను. మావయ్య చేసినట్టే పిండీ నీళ్ళూ తెర్లగాచి, మూకుడేసి చల్లార్చి, చల్లారేక తీసి, మడుగు నీళ్ళు పుడిసెడు తోడేసి, మళ్ళీ మూసి పిండి మెత్తేను. ఆ మూడు రోజులూ నేను తిన్నది నాకు గుర్తు లేదు. మూడో రోజున మూకుడు కదిపేను. పూర్తిగా తియ్యక్కర్లేకపోయింది.

ఆ కుండని గట్టు మీద రాయికేసి కొట్టి, పెంకులు కాలువలో పారేసేను. చెబితే అమ్మ నన్నెలా చూస్తుంది, అయ్య మామ్మనేం చేస్తాడు, మామ్మ ఆ మాట విని బతుకుతుందా, ఇవన్నీ తొమ్మిదేళ్ళ బుర్రలో సుడి తిరిగేయి. రేపు చెబుతాననుకున్నాను. రేపటికి మావయ్య రేకు పెట్టె నెత్తిన పెట్టుకుని ఎగువ లాకుల దగ్గర తలుపులు తిప్పే పనికి వెళ్ళిపోయేడు. పాక తాటాకులు వానకి నాని కూలిపోయేయి.

మరుసటేడు వేసవికి కాలువ మళ్ళీ కట్టేసేరు, మళ్ళీ మడుగు, మళ్ళీ మరిడి. ఆ ఏడు నీళ్ళు కాచుకున్న ఇల్లు ఒక్కటి లేదు. ఎందుకు కాచుకుంటారు, పడవ పంతులు మేనల్లుడికే దక్కలేదు కదా. కుమ్మరి వారి పిల్ల రెండో రోజునే పోయింది. వాళ్ళమ్మ మా అరుగు మీద కూర్చుని, మీ మావయ్య చెప్పినన్నాళ్ళూ కాచేనమ్మా, వట్టిదని తేలేక మానేసేను అని చెప్పింది, మామూలుగానే చెప్పింది. నేను వింటూ స్తంభాన్ని పట్టుకుని నిలబడ్డాను. నా నోట్లో ఉన్న ఒక్క మాట ఆ ఏడాది పొడుగునా వాళ్ళ పొయ్యి మీద కాగు నిలబెట్టి ఉండేది.

తరవాత పెళ్ళయింది, ఈ ఊరొచ్చేను. పుట్టింటికి వెళ్ళినా, తిరిగొచ్చినా మా అయ్య పడవ ఎగువ లాకుల్లో ఆగేది. మావయ్య తలుపులు తిప్పుతూ గట్టు మీంచి పలకరించేవాడు. ప్రతిసారీ మాట గొంతు దాకా వచ్చేది, ఈలోగా నీళ్ళు సమానమయ్యేవి, తలుపు తెరుచుకునేది, పడవ కదిలేది. అలా ఎన్నిసార్లో. నా మొదటి కాన్పు తరవాత, పసివాణ్ణి ఒళ్ళో వేసుకుని అత్తవారింటికి వస్తూన్నప్పుడు మాత్రం, మా అయ్యని పడవ ఆపమని గట్టెక్కేను. మామ్మ అప్పటికి పోయింది.

లాకు తలుపు పక్కన రాతి దిమ్మ మీద కూర్చుని మొత్తం చెప్పేను. కాగూ, పుడిసెడు నీళ్ళూ, మామ్మ మాటా, అన్నీ. ఆయన కాలువలోకి చూస్తూ విన్నాడు. తిడతాడనుకున్నాను. "ఏ రేవు నీళ్ళు?" అని అడిగేడు. "దిగువ రేవువే మావయ్యా." "రోజుకెంత?" "పుడిసెడు." మూడో కుండ సంగతి కూడా చెప్పేను. అది విని గబుక్కున నా వేపు తిరిగేడు. "ఎన్నో రోజుకి కంపు కొట్టింది?" అన్నాడు, బళ్ళో అడిగినట్టే. "మూడో రోజుకి."

ఆయన తలపాగా కొసతో మొహం తుడుచుకున్నాడు. "అయితే పాఠం తప్పు కాదన్నమాట" అన్నాడు. మళ్ళీ, "నేను కాయమని చెప్పేను గానీ కాచేక ఏం కలపకూడదో చెప్పలేదు. ఆ పిల్ల మూడో కుండ తెచ్చి చేతికిచ్చింది కూడా. మూల పెట్టమన్నాను" అన్నాడు. నా తప్పులో సగం తను పుచ్చుకుంటున్నాడనుకుని నాకు ఏడుపొచ్చింది. అంతలో ఆయనే, మొహం చూడకుండా, "నా బళ్ళో పాఠం పూర్తిగా నేర్చుకున్నది నువ్వొక్కత్తివేనే అమ్మా. అది నా దగ్గిరికి రావడానికి ఇన్నేళ్ళు పట్టింది" అన్నాడు. కింద పడవవాళ్ళు తలుపు తియ్యమని కేకలేస్తున్నారు. ఆయన లేచి వెళ్ళిపోయేడు. క్షమించేననీ అనలేదు, లేదనీ అనలేదు. ఆ రెండు మాటలూ నేనూ మళ్ళీ అడగలేదు.

ఆ తరవాత లాకుల దగ్గర ఆ దిమ్మ మీద మూడు కుండలుండేవని మా అయ్య చెప్పేవాడు. పడవలు ఆగినప్పుడల్లా పడవలవాళ్ళ పిల్లల్ని పిలిచి, పచ్చిదీ, కాచిందీ, కాచి తోడేసిందీ వరసగా వాసన చూపించేవాడట. ఇది ఎవరింట్లో జరిగిందండీ అని పిల్లలడిగితే, ఒక ఇంట్లో అనేవాడట, అంతే. దొరకి మళ్ళీ ఉత్తరం రాసేడో లేదో, దొర అప్పటికి ఈ దేశంలో ఉన్నాడో లేదో నాకు తెలీదు.

ఇప్పుడు రోజులు మారేయి. అమలాపురంలో పెంకుటి బళ్ళున్నాయట, గోడలకి దేశపటాలున్నాయట, మా మునిమనవరాలి ఈడు పిల్లలు కూడా వెళుతున్నారట. ఆ నీళ్ళల్లో ఉన్నదేమిటో పెద్ద అద్దాల్లో చూసి పట్టేసేరట కూడా, దొరలిప్పుడు ఒకళ్ళతో ఒకళ్ళు వాదించుకోవడం లేదట. మందు దానంతటదే గుమ్మంలోకొచ్చి నూతిలో పడుతోంది. మంచిదే, కాదనను, ఆనాడీ పలుకులుంటే మా తమ్ముడికి మునిమనవలుండేవారు. కానీ ఇదెందుకని అడిగిన పిల్లకి ఆ గుమాస్తాగారు నాలుగు మాటలు చెప్పి ఉంటే, అది కాలువకి చెంబు పట్టుకెళ్ళేది కాదు. చెప్పనివాళ్ళని అనడానికి నాకు నోరు లేదనుకోండి.

సాయంత్రం ఆ పిల్లని పిలిచి పక్కన కూర్చోబెట్టుకుని ఇదంతా చెప్పేను. నమ్మిందో, ముసల్దాని చాదస్తమనుకుందో, ఆయ్ అంటూ వింది. వినడం వేరు, వాసన చూడడం వేరు. అందుకని నిన్న పాలేరుని కుమ్మరి వీధికి పంపేను, రెండు కుండలు తెమ్మని. మూడని చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో నాకే తెలీదు, ఆ పిల్ల వాళ్ళింటి అలవాటు ఈ ఊరి కుమ్మర్లకీ ఉందేమోనని ఆశ కాబోలు. ఇప్పటివాళ్ళు రెండడిగితే రెండే ఇస్తున్నారు.